గుండె వచ్చింది, మనిషి రాలేదు: సీపీఆర్ వెనక నాలుగు నిమిషాల చరిత్ర

బస్సులో ఉండి సౌండ్ పెట్టుకోలేనివాళ్లకి, నెట్ సరిగా రానివాళ్లకి, ఎప్పట్లాగే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాం. కొంచెం పెద్దదే. చదవండి.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ చేతిలో ఉన్న ఫోన్‌లోనే స్టాప్‌వాచ్ ఆన్ చేసి, మళ్లీ ఇక్కడికి రండి. ఆపొద్దు, దాన్ని అలా తిరగనివ్వండి. మధ్యలో అడుగుతాను.

నాది నాదెండ్ల. పల్నాడు జిల్లా. ఇటు చిలకలూరిపేట, అటు నరసరావుపేట. కృష్ణదేవరాయల కాలంలో కొండవీడు సీమని ఏలిన నాదెండ్ల గోపన గురించి చెప్పమని కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు. అది ఇంకోసారి చెప్పుకుందాం. ఈసారి చరిత్ర కోటలది కాదు, మనిషి చచ్చిపోయాక వెనక్కి తీసుకురావడం ఎలా నేర్చుకున్నాడన్నది. నాకు ఇది ఎందుకు పట్టుకుందో ముందు చెప్తాను.

కొన్నేళ్ల క్రితం, మిర్చి కోతల టైమ్. మా పెదనాన్న కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. ఉన్నట్టుండి కూలబడ్డాడు. చేతులు కాళ్లు కాసేపు కొట్టుకున్నాయి. నోట్లోంచి గుర్రు గుర్రుమని శబ్దం. "ఫిట్స్ వచ్చినయ్, తాళాలు తీసుకురండ్రా" అని ఎవరో అరిచారు. బండి తాళాలు తెచ్చి గుప్పిట్లో పెట్టారు. ఒకరు మొహం మీద నీళ్లు కొట్టారు, ఒకరు అరికాళ్లు రుద్దారు, ఇంకొకరు 108కి ఫోన్ చేశారు. నేను కూడా అక్కడే ఉన్నాను. డిగ్రీ చదివినవాడిని. ఏం చేశానంటే, కండువా తీసి విసిరాను. "ఊపిరి ఆడుతోంది, గురక వస్తోందిగా" అనుకున్నాం అందరం.

అంబులెన్స్ వచ్చింది. ఆలస్యంగా వచ్చిందని నేను అనను, పొలం దారిలో అంతకంటే ముందు ఏ బండీ రాలేదు. హాస్పిటల్లో షాక్ ఇచ్చారు, మందులు ఇచ్చారు, గుండె మళ్లీ కొట్టుకుంది. "గుండె వచ్చిందమ్మా" అని బయటికొచ్చి చెప్తే మా పెద్దమ్మ రెండు చేతులు ఎత్తి దణ్ణం పెట్టింది.

గుండె వచ్చింది. పెదనాన్న రాలేదు. ఏడు నెలలు ఇంట్లో మంచం మీద, ముక్కులో గొట్టంతో ఉన్నాడు. కళ్లు తెరిచేవాడు, ఎవర్నీ చూసేవాడు కాదు. పెద్దమ్మ రోజూ సాయంత్రం పక్కన కూర్చుని గుంటూరు యార్డులో ఆ రోజు మిర్చి రేటెంతో చెప్పేది.

ఆ గురక ఊపిరి కాదని నాకు తర్వాత తెలిసింది. గుండె ఆగిపోయినప్పుడు చాలామందిలో మొదటి కొన్ని నిమిషాలు అలాంటి ఎగశ్వాస వస్తుంది. మెదడు అడుగు భాగం ఆఖరి ప్రయత్నంగా చేయించే పని అది. ఆ మొదట్లో చేతులు కాళ్లు కొట్టుకోవడం కూడా మూర్ఛ కాదు, మెదడుకి రక్తం ఆగిందన్న గుర్తు. తాళాలు పెట్టడం తప్పని తిట్టడానికి చెప్పట్లేదు. మాకు అంతవరకే తెలుసు.

ఇక్కడ రెండు మాటలు కలిసిపోతుంటాయి, విడదీద్దాం. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. పొలంలో మోటారు లెక్కన చూడండి. గుండెపోటు అంటే పైపులో అడ్డం పడటం. నొప్పి, చెమటలు, కానీ మనిషి చాలాసార్లు మాట్లాడుతూనే ఉంటాడు. గుండె ఆగడం అంటే మోటారే కొట్టుకుపోవడం. చాలాసార్లు మొదటిది రెండోదానికి దారి తీస్తుంది. మోటారు ఆగితే చేను రెండు రోజులు ఓర్చుకుంటుంది. నారుమడి ఓర్చుకోదు. మన ఒంట్లో నారుమడి మెదడు. బరువులో చూస్తే ఒంట్లో అది దాదాపు 2 శాతమే, కానీ వాడుకునే ఆక్సిజన్ దాదాపు 20 శాతం. నిల్వ అంటూ దాదాపు ఏమీ లేదు. రక్తం ఆగిన 10, 20 సెకన్లలో స్పృహ పోతుంది. 4, 5 నిమిషాలు దాటితే కణాలు దెబ్బతినడం మొదలు.

ఇప్పుడు స్టాప్‌వాచ్ చూడండి. మామూలుగా చదివేవాళ్లకి నాలుగు నిమిషాలకి అటూ ఇటూగా వచ్చి ఉంటుంది. పెదనాన్న కథ మొదలైనప్పటి నుంచి ఇక్కడిదాకా ఎంతసేపు పట్టిందో, దాదాపు అంతసేపే మెదడుకి గడువు. ఈ గడువు సంగతి మనుషులకి చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎంత ఆలస్యంగా అంటే, మొదట్లో వాళ్లు చేసిన పనులు వింటే మీరు నమ్మరు.

1767లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నీళ్లలో మునిగినవాళ్లని బతికించడానికి ఒక సంఘం పెట్టారు. కాలవల ఊరు కదా, మునిగిపోయేవాళ్లు ఎక్కువ. 1774లో లండన్‌లో అలాంటిదే ఇంకోటి మొదలైంది. వాళ్ల వైద్యాల్లో ఒకటి ఏంటంటే, పొగాకు పొగని కొలిమితిత్తితో మనిషి వెనక భాగం గుండా లోపలికి ఊదడం. నిజంగానే. థేమ్స్ నది ఒడ్డున దానికోసం సామాన్ల పెట్టెలు కూడా ఉంచేవాళ్లు. పొగాకు గురించి గుంటూరు వైపు వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు గానీ, ఈ వాడకం మాత్రం మన బేరన్ల దగ్గర ఎవరికీ తట్టి ఉండదు. 1811లో బెంజమిన్ బ్రోడీ అనే ఇంగ్లీషు డాక్టరు నికోటిన్ విషమని, గుండెనే ఆపగలదని చూపించాక ఈ పద్ధతి మెల్లగా పోయింది. నవ్వుకోండి, కానీ ఒకటి ఒప్పుకోవాలి. చచ్చిపోయినట్టు కనిపించేవాడు నిజంగా పోయి ఉండకపోవచ్చు, పక్కనున్నవాడు ఏదో ఒకటి చేయొచ్చు అన్న ఆలోచన ఆ సంఘాలదే.

ఛాతీ మీద నొక్కడం 1890ల మొదట్లోనే ఒకాయన చేశాడు. జర్మనీలో గోటింగెన్‌లో ఫ్రెడ్రిక్ మాస్ అనే డాక్టర్. క్లోరోఫామ్‌తో గుండె ఆగిన పేషెంట్ల ఛాతీని నిమిషానికి 120 సార్లు దాకా వేగంగా నొక్కి బతికించి, రాసి పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అరవై ఏళ్లకి పైగా డాక్టర్లు ఛాతీ కోసి, గుండెని చేత్తో పట్టుకుని పిసికేవాళ్లు. 1947లో అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ అలా తెరిచిన ఛాతీలో గుండెకి కరెంటు షాక్ ఇచ్చి 14 ఏళ్ల పిల్లాణ్ణి కాపాడాడు. గొప్ప విషయమే. కానీ ఆపరేషన్ బల్ల మీద గుండె ఆగినవాడికే ఆ అదృష్టం. కల్లంలో పడిపోయినవాడికి కాదు.

ఆ తలుపు తెరిచింది డాక్టర్ కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీర్. పేరు విలియం కౌవెన్‌హోవెన్. కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లు షాక్ కొట్టి చనిపోతున్నారని అమెరికాలో కరెంటు కంపెనీలు పరిశోధనకి డబ్బులిచ్చాయి. షాక్‌తో ఆగిన గుండెని షాక్‌తోనే దారిలో పెట్టొచ్చని తేలింది. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆయన బయటి నుంచే షాక్ ఇచ్చే మిషన్ మీద పనిచేస్తున్నాడు. 1958లో గై నికర్‌బాకర్ అనే కుర్రాడు, మీ వయసు కంటే కొంచెం పెద్దవాడు, కుక్కల మీద ప్రయోగం చేస్తూ ఒకటి గమనించాడు. షాక్ ఇచ్చే బరువైన పలకల్ని ఛాతీకి గట్టిగా అదిమినప్పుడల్లా, షాక్ ఇవ్వకముందే, రక్తపోటు గీత కొంచెం పైకి లేస్తోంది. అంటే అదుముడుకే రక్తం కదులుతోందన్నమాట. సర్జన్ జేమ్స్ జూడ్ వాళ్లతో కలిశాడు. 1960 జూలైలో ముగ్గురూ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో రాశారు: 20 మంది పేషెంట్లకి ఇలా చేశాం, 14 మంది బతికారు, దీనికి రెండు చేతులుంటే చాలు. అప్పటికి కౌవెన్‌హోవెన్‌కి డెబ్భై దాటాయి.

ఇది ఎలా పనిచేస్తుందో మన ఊరి భాషలో చెప్తాను. మోటారు పోయినప్పుడు బోరింగ్ కొడతాం కదా, అదే. మొదటి నాలుగైదు దెబ్బలకి నీళ్లు రావు. కొడుతూ పోతే ధార వస్తుంది. మధ్యలో ఆపితే నీళ్లు మళ్లీ కిందికి దిగిపోతాయి, మొదట్నుంచి కొట్టాలి. ఛాతీ నొక్కడం కూడా సరిగ్గా ఇంతే. బాగా నొక్కినా మామూలు రక్తప్రవాహంలో పావు నుంచి మూడో వంతు దాకానే వస్తుంది. కానీ మెదడు అనే నారుమడిని అది కాపాడగలదు, అసలు మోటారు బాగయ్యేదాకా. అందుకే "పల్స్ వచ్చిందా?" అని మాటిమాటికీ ఆపి చూడకూడదు.

అదే ఊళ్లో, అదే రోజుల్లో ఇంకో మనిషి ఊపిరి సంగతి చూస్తున్నాడు. పీటర్ సఫార్. వియన్నాలో పుట్టి అమెరికా వచ్చిన ఎనస్థీషియా డాక్టర్. అప్పటిదాకా ఊపిరి ఆగినవాణ్ణి బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కి చేతులు ఎత్తేవాళ్లు. దానికంటే నోట్లో నోరు పెట్టి ఊదడమే పనిచేస్తుందని సఫార్ నిరూపించాలి. ఎలా నిరూపించాడంటే, డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు, వాళ్లకి మత్తిచ్చి, కండరాలు కదలకుండా చేసే కురారే మందిచ్చి, ఊపిరి ఆపి, వేరేవాళ్ల చేత ఊదించి కొలిచాడు. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఏ కమిటీ ఒప్పుకోదు. నాకైతే ఆ వాలంటీర్ల ధైర్యం ఇప్పటికీ అర్థం కాదు. ఈ ఊపిరి, ఆ ఛాతీ నొక్కడం రెండూ కలిసి మనం ఇవాళ సీపీఆర్ అంటున్నది అయింది.

మీలో కాలేజీలో ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు రబ్బరు బొమ్మ మీద నొక్కి ఉంటారు. సఫార్ లాంటివాళ్లు అడిగితే నార్వేలో ఆస్ముండ్ లార్డల్ అనే బొమ్మల వ్యాపారి 1960లో దాన్ని చేశాడు. ఆయన చిన్న కొడుకు అంతకుముందు నీళ్లలో మునిగి చావు తప్పించుకున్నాడు. ఆ బొమ్మ మొహం పారిస్‌లో సీన్ నదిలో దొరికిన ఒక ఊరూపేరూ తెలియని అమ్మాయిదని చెప్పే ముసుగు నుంచి తీసుకున్నారు.

ఇప్పుడు అసలు మలుపు. 1966. సఫార్ కూతురు ఎలిజబెత్, 11 ఏళ్ల పిల్ల, ఆస్తమా విపరీతమై పడిపోయింది. సీపీఆర్‌ని ప్రపంచానికి నేర్పిన మనిషి ఇంట్లో. గుండె తిరిగొచ్చింది, ఊపిరితిత్తులు పనిచేశాయి. మెదడు అప్పటికే పోయింది. పిల్ల దక్కలేదు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టేసి కాసేపు బయట తిరిగొచ్చాను. మా ఇంటి కథే.

ఆ తర్వాత సఫార్ ఒక మాట మార్చాడు. గుండె, ఊపిరి అని మాత్రమే ఉన్న ఆ పేరులో మెదడు కూడా చేర్చాలన్నాడు. గుండెని నడిపించడం సగం పనే, మెదడు నిలబడితేనే మనిషి వచ్చినట్టు. మాస్కోలో 1936 నుంచి ఇదే పని మీద ఒక ల్యాబ్ నడుపుతున్న వ్లదీమిర్ నెగోవ్‌స్కీ కూడా ఇదే వైపు వచ్చాడు. రక్తం తిరిగొచ్చాక కూడా నష్టం ఆగదని, కొత్తగా మొదలవుతుందని చూపించి, దాన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగానే చూడాలన్నాడు. ఎండిన నారుమడికి ఒక్కసారిగా నీళ్లు వదిలితే గట్లు తెగినట్టు. ఆకలితో ఉన్న కణాల్లోకి కాల్షియం చొరబడుతుంది, ఆక్సిజన్ నుంచే విషంలాంటి పదార్థాలు పుడతాయి, మెదడు వాస్తుంది. గంటలు, రోజులు సాగే వ్యవహారం ఇది.

అదే 1966 నవంబర్ 4న, సఫార్ ఉండే పిట్స్‌బర్గ్‌లో ఒక ఎన్నికల సభలో ఆ రాష్ట్ర మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ కుప్పకూలాడు. హాస్పిటల్‌కి చేరాక గుండె నడిచింది. స్పృహ మాత్రం రాలేదు. 17 రోజుల తర్వాత, నవంబర్ 21న చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో సఫార్ ఒకడు.

ఇది చదువుతుంటే మీకు ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు. 2023 జనవరి 27, కుప్పం. లోకేశ్ యువగళం పాదయాత్ర మొదటి రోజు. నడుస్తూ నడుస్తూ నందమూరి తారకరత్న పడిపోయాడు. గుండె దాదాపు 45 నిమిషాలు ఆగిందని, తర్వాత తిరిగొచ్చిందని అప్పట్లో వార్తల్లో చూశాం. బెంగుళూరు నారాయణ హృదయాలయకి తీసుకెళ్లారు. రోజూ "మెదడు ఎలా ఉంది?" అన్నదే వార్త. ఫిబ్రవరి 18న చనిపోయాడు. ఇంకో నాలుగు రోజులైతే 40 నిండేవి. ఏ పార్టీ అభిమాని అయినా కానివ్వండి, తెలుగు ఇళ్లల్లో మొదటిసారి చాలామందికి ఒక ప్రశ్న వచ్చింది అప్పుడే: గుండె కొట్టుకుంటోంది కదా, మరి మనిషి ఎందుకు లేవట్లేదు? పిట్స్‌బర్గ్‌లో సఫార్‌ని తినేసిన ప్రశ్న అదే.

సఫార్ దానికి రెండు వైపుల నుంచి పని మొదలుపెట్టాడు. ఒకటి ల్యాబ్‌లో, మెదడు మీద. రెండోది రోడ్డు మీద. అప్పట్లో పిట్స్‌బర్గ్‌లో పేషెంట్లని పోలీసు వ్యాన్లో వెనకపడేసి తీసుకెళ్లేవాళ్లు, లేదంటే శవాలు మోసే బండి వచ్చేది. వెనక కూర్చుని చూసేవాడు ఉండేవాడు కాదు. 1967లో సఫార్, ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థతో కలిసి, హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ల పేటలో ఉద్యోగాల్లేని కుర్రాళ్లని ఎంచుకుని నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చాడు. కొంతమంది హైస్కూల్ కూడా పూర్తి చేయలేదు. దారిలోనే వైద్యం చేసే అంబులెన్స్ మనుషులు, మనం ఇవాళ పారామెడిక్ అంటున్నామే, ఆ పనికి అమెరికాలో దారి చూపించినవాళ్లలో వాళ్లు ముందు వరుస. 1975లో నగరం సొంత సర్వీసు పెట్టుకుని వీళ్లని మూసేసింది. పేరు దక్కడానికి వాళ్లకి చాలా ఏళ్లు పట్టింది.

మన దగ్గర ఆ మలుపు 2005లో వచ్చింది. అంతకుముందు నాదెండ్లలో మనిషి పడిపోతే ట్రాక్టరో, ఆటోనో, ఎవరి జీపో. మా తాత తరంలో ఎడ్లబండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ, వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం కలిసి దాన్ని రాష్ట్రమంతా నడిపాయి. 2007 నుంచి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు వచ్చి ట్రైనింగ్‌లో పాలుపంచుకున్నారు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక కూడా బండ్లు ఆగలేదు, జీవీకే తీసుకుంది. తెలుగు నేల మీద పుట్టిన నంబర్ ఇవాళ చాలా రాష్ట్రాల్లో అదే నంబర్. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న విజయవాడలో ఒకేసారి 1,088 కొత్త 108, 104 వాహనాలు బయల్దేరిన వీడియోలు మీరు చూసే ఉంటారు. ఎవరు పెట్టారు, ఎవరు పెంచారు అన్న గొడవ కామెంట్లలో వద్దు. ముగ్గురు నలుగురు ముఖ్యమంత్రుల కాలం దాటి నిలబడిన పని అది.

కానీ లెక్క చూడండి. నాలుగు నిమిషాలు. సాతులూరు, తూబాడు, చిరుమామిళ్ల, ఇర్లపాడు. మా మండలంలో ఏ ఊళ్లోనైనా, పొలంలో, పడిపోయిన మనిషి దగ్గరికి నాలుగు నిమిషాల్లో బండి రాగలదా? పిట్స్‌బర్గ్‌లోనూ రాలేదు, హైదరాబాద్‌లోనూ రాదు. ఫోన్ మాట్లాడటానికే ఒక నిమిషం. 108 మన చరిత్రలో పెద్ద అడుగు, కానీ అది సగం. మిగతా సగం మన చేతుల దగ్గర ఆగిపోయింది.

ఆ సగం గురించి చెప్పే ముందు, హాస్పిటల్ లోపల ఏమైందో చూద్దాం. ఎందుకంటే అక్కడ చరిత్ర తన్ను తాను ఒకసారి దిద్దుకుంది. 

చల్లబరిస్తే మెదడుకి ఆక్సిజన్ అవసరం తగ్గుతుందని 1950ల నుంచే తెలుసు. 1999 మేలో నార్వేలో అన్నా బోగెన్‌హోల్మ్ అనే యువ డాక్టర్ స్కీయింగ్ చేస్తూ గడ్డకట్టిన వాగులో మంచు కింద 80 నిమిషాలు ఇరుక్కుంది. బయటికి తీసేటప్పటికి గుండె లేదు. ఒంటి వేడి 13.7 డిగ్రీలు దాకా పడింది. గంటల తరబడి సీపీఆర్, తర్వాత మిషన్ మీద రక్తం వేడి చేయడం. ఆమె బతికింది, తర్వాత తనని కాపాడిన హాస్పిటల్లోనే డాక్టర్‌గా పనిచేసింది. ఆమె విషయంలో గుండె ఆగకముందే మెదడు చల్లబడిపోయింది, అదీ కిటుకు. కాబట్టి కల్లంలో పడిపోయినవాడి తల మీద ఐస్ పెట్టడానికి పరిగెత్తకండి, ఆ టైమ్‌లో ఛాతీ నొక్కండి.

2002లో ఒకే పత్రికలో రెండు పరిశోధనలు వచ్చాయి. యూరప్‌లో 275 మందితో ఒకటి, ఆస్ట్రేలియాలో 77 మందితో ఒకటి. గుండె తిరిగొచ్చి స్పృహ రానివాళ్లని 33 డిగ్రీల చుట్టుపక్కలకి చల్లబరిచారు. యూరప్ లెక్కలో మెదడు బాగా కోలుకున్నవాళ్లు 39 నుంచి 55 శాతానికి పెరిగారు. ప్రపంచమంతా ఐసీయూల్లో చల్లటి దుప్పట్లు, చల్లటి సెలైన్లు. కథ అక్కడితో అయిపోయింది అనుకున్నారు. 2013లో 900 మందికి పైగా పేషెంట్లతో 33 డిగ్రీలు, 36 డిగ్రీలు పోల్చి చూస్తే తేడా కనపడలేదు. 2021లో ఇంకా పెద్దది, 1,900 మందితో. చల్లబరిచిన గుంపులో ఆరు నెలలకి 50 శాతం, చల్లబరచకుండా జ్వరం మాత్రం రానివ్వని గుంపులో 48 శాతం చనిపోయారు. అంటే తేడా లేనట్టే. అసలు దెబ్బ తీసేది జ్వరం, దాన్ని రానివ్వకపోవడమే ముఖ్యం అన్నదాకా ఇప్పుడు చాలామంది వచ్చారు.

"అంటే ఇరవై ఏళ్లు తప్పు చేశారా?" అని నన్ను ఒక తమ్ముడు అడిగాడు. నాకలా అనిపించదు. చల్లబరిచే పేరుతో ఆ పేషెంట్ల చుట్టూ నర్సులు, డాక్టర్లు 24 గంటలు కాపలా ఉండటం మొదలైంది. బీపీ పడిపోకుండా, ఆక్సిజన్ తక్కువా కాకుండా ఎక్కువా కాకుండా, షుగర్ అటూ ఇటూ కాకుండా, లోపల ఫిట్స్ వస్తున్నాయేమో చూస్తూ. అంతకుముందు "గుండె వచ్చింది, ఇక దేవుడి దయ" అని వదిలేసేవాళ్లు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ ఇంట్లోవాళ్లకి అవసరమైతే గుర్తు పెట్టుకోండి: స్పృహ రాలేదని మొదటి రోజే "ఇంక లాభం లేదు" అని తేల్చకూడదు. కనీసం 72 గంటలు ఆగి, ఒక్క పరీక్ష కాకుండా నాలుగైదు కలిపి చూసి చెప్పాలని ఇప్పటి పద్ధతి. 

ఇక మన చేతుల సగం. 2017లో ఇండియాలో ఎనస్థీషియా డాక్టర్ల సంఘం తరఫున మామూలు జనం కోసం ఒక పద్ధతి ప్రకటించారు. దాన్ని ముందుండి నడిపినవాళ్లలో కాకినాడ డాక్టర్ ఎస్.ఎస్.సి. చక్రరావు గారు ఒకరు. ఆ పద్ధతిలో మామూలు జనం నోట్లో ఊదక్కర్లేదు. గుర్తుపట్టి ఫోన్ చేయడం, ఛాతీ నొక్కడం, త్వరగా హాస్పిటల్‌కి చేర్చడం, అంతే. తెలియని మనిషి నోట్లో నోరు పెట్టడానికి జంకి అసలు ముట్టుకోనివాళ్లే ఎక్కువ కాబట్టి, నాకు ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి చివర్లో, తారకరత్న పోయిన ఆ నెలలోనే, హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర పడిపోయిన ఒకతన్ని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఛాతీ నొక్కి కాపాడిన వీడియో మీ అందరి వాట్సాప్‌లోకీ వచ్చింది. మార్చి 1న తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ ట్రైనింగ్ మొదలుపెట్టింది.

చేసే పద్ధతి ఇది. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకడు. ఛాతీ చూడండి, పది సెకన్లకి మించి కాదు. ఊపిరి లేదు, లేదా అప్పుడొకటి అప్పుడొకటి గురకలాగా. అదీ లేనట్టే లెక్క. ఫోన్ స్పీకర్లో పెట్టి 108 కొట్టండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ పెట్టి, రెండో చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువుతో నొక్కండి. పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వండి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, పక్కవాడు మారాలి. పక్కటెముక విరగొచ్చు. విరిగితే అతుక్కుంటుంది.

ఇంట్లో తలగడ మీద ప్రాక్టీస్ చేయొచ్చు. నేను మా అన్న పిల్లలకి అలాగే నేర్పాను. మా పెద్దమ్మ మంచం మీద కూర్చుని మొత్తం చూసింది. అయిపోయాక "ఇంతేనా నాయనా?" అంది. "ఇంతే పెద్దమ్మా" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, లేచి లోపలికి వెళ్లింది.

ఒక్క జాగ్రత్త చెప్పి ఆపుతాను, సాగర్ కాలవల పక్కన ఉండేవాళ్లం కాబట్టి. నీళ్లలో మునిగినవాళ్లకి, చిన్నపిల్లలకి ముందు ఊపిరి ఆగి తర్వాత గుండె ఆగుతుంది. వాళ్ల రక్తంలో ఆక్సిజన్ అప్పటికే అయిపోయి ఉంటుంది. అక్కడ నొక్కడం ఒక్కటే సరిపోదు, నోటితో ఊపిరి కూడా ఇవ్వాలి. అది రాసి చెప్తే రాదు. తల ఎంత వంచాలి, ఎంత ఊదాలి అన్నది కళ్లతో చూడాలి. ట్రైనింగ్ ఉన్న నర్సు ఒకరు బొమ్మ మీద చేసి చూపిస్తామన్నారు, వచ్చే ఎపిసోడ్ అదే.

స్టాప్‌వాచ్ ఇప్పుడు ఆపేయొచ్చు.